మస్తాన్‌బీ వెంట నడిచిన ఇంటి నంబరు

మా నల్లరేగళ్లపాలెంలో మస్తాన్‌బీ కుట్టిన పరుపు మీద పడుకోకుండా కాపురం మొదలుపెట్టిన దంపతులు లేరు. పర్చూరుకూ చిలకలూరిపేటకూ నడుమ ఉన్న ఈ నల్లమట్టి నేలలో ఒక ఆచారం ఉంది. పిల్లకు పెళ్లి కుదిరిన ఇంటివారు తమ సొంత చేలో మొదటి తీతకు వచ్చిన పత్తిలో కొంత అమ్మకుండా అట్టేపెడతారు. గింజ తీయించి ఆ దూదిని మస్తాన్‌బీకి అప్పగిస్తారు. ఆమె దాన్ని ఏకి, పరుపూ దిండ్లూ కుట్టి ఇస్తుంది. మరొకరి చేని దూది పిడికెడైనా కలపకూడదు. ఈ నియమం ఏ శాస్త్రంలో ఉందో అని వెతికి వెతికి విసిగిపోయాను, ఎక్కడా లేదు. అయినా దాన్ని ఊరంతా వేదవాక్యంలా పాటిస్తుంది. వేదవాక్యాలను పాటించే అలవాటు ఊరికి లేదు కనుక, ఇది అంతకన్నా గట్టిదని ఒప్పుకోవాలి.

మస్తాన్‌బీ పుట్టినిల్లు పర్చూరు. తరతరాలుగా దూది ఏకే కుటుంబం. నడక వచ్చిన నాటి నుంచి దూదిని చెదరగొట్టే విల్లు తీగ మోత వింటూ పెరిగింది. మా ఊరికి కోడలిగా వచ్చాక అత్త జహీరున్నీసా దగ్గర కుట్టుపని నేర్చింది. భర్త హయాత్ పని, తయారైన పరుపులను టీవీఎస్ బండి మీద కట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో అమ్మడం. వాస్తవంలో జరిగేది ఏమిటంటే, ఏదో ఒక ఊరి చివర నీడ చూసుకుని, పరుపు దింపి, దాని మీద నిద్రపోవడం.

“నా పరుపు ఎంత మెత్తనో జనానికి చూపించడానికే అల్లా నాకీ మనిషినిచ్చాడు బాబాయిగారూ. ఈయన్ని మించిన ప్రకటన ఏ కంపెనీకి ఉంది?” అనేది మస్తాన్‌బీ నాతో. నేను రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసి రిటైరైన వాణ్ణి. ఊళ్లో అందరి కాగితాల నకళ్లూ నా బీరువాలో ఉన్నందువల్ల అందరి కష్టాలూ ముందుగా నా గుమ్మం ఎక్కుతాయి.

రెండేళ్లుగా ఆమెకు కుడి భుజం లేవడం లేదు. విల్లు పట్టి దూది ఏకితే ఆ చెయ్యి ఇక అన్నం ముద్దకు కూడా లేవదని గుంటూరులో డాక్టరు తేల్చి చెప్పాడు. దాంతో చిలకలూరిపేటలో మూతపడిన ఒక దుకాణం నుంచి దూది ఏకే పాత మిషన్ కొనుక్కొచ్చింది. చిన్న మోటారు, ఇనుప పళ్లున్న రోలరు. ఇంటికి ఉన్న పాత కరెంటు లైను రెండు బల్బులకూ ఒక ఫ్యానుకూ చాలుతుంది గాని మోటారుకు చాలదు. మోటారుకు వేరే సర్వీసు, వేరే మీటరు కావాలి. అది వచ్చేదాకా మిషన్ మీద పాత చీర కప్పి గదిలో కూర్చోబెట్టింది.

ఇంతలో మాఘమాసం ముహూర్తాలు తోసుకొచ్చాయి. అందరికన్నా ముందు మిరపా పత్తీ పండించే పొరుగింటి రైతు కోటేష్ కూతురు భవ్య పెళ్లి.

“మస్తానక్కా, పత్తి బస్తాలు నీ ఇంట్లో పడేసి నెల దాటింది. పెళ్లినాటికి పరుపు అవుద్దా, అవదా? ఆ ముక్క చెప్పు. మా ఆవిడ అప్పుడే ఫోన్లో స్పాంజి పరుపులు చూస్తా కూర్చుంది,” అన్నాడు కోటేష్.

“స్పాంజి మీద పడుకోబెడతావా పిల్లని? అదేమన్నా గిన్నెలు తోముకునే వస్తువా?”

“నాకేం సరదానా? కరెంటు తెచ్చుకో, లేదా బస్తాలు తిరిగిచ్చెయ్.”

మస్తాన్‌బీకి తెలుసు. ఒక ఇల్లు స్పాంజికి పోయిందంటే మళ్లీ దూదికి రాదు. కోటేష్ ఇల్లు పోతే వీధి పోతుంది, వీధి పోతే ఊరు పోతుంది. ఆ మోటారు తిరగకపోతే ఆమె వృత్తి ఈ మాఘంతో ముగిసిపోతుంది. ఆమెకు కావలసింది ఆ ఒక్క కరెంటు తీగ.

పూర్వమైతే లైన్‌మన్ వచ్చి, గోడ చూసి, తల గోక్కుని, రేపు వస్తానని చెప్పి, ఎల్లుండి తీగ లాగేవాడు. ఆ అనాగరిక దశను మనం దాటాం. ఇప్పుడు దరఖాస్తును చదివేది కరెంటు ఆఫీసువారి ఏఐ ఏజెంటు. ఏజెంటు అన్న మాట మా ప్రాంతానికి కొత్త కాదు. పొగాకు కంపెనీ ఏజెంట్లను చూశాం, పురుగుమందుల ఏజెంట్లను చూశాం. వాళ్లు అబద్ధమాడినా, మన అరుగు మీద కూర్చుని, మన మజ్జిగ తాగి, మన మొహం చూస్తూ ఆడేవారు. ఈ కొత్త ఏజెంటుకు కాళ్లు లేవు, కళ్లు లేవు, దాహం లేదు. ఊరు చూడలేని ఆ లోటును పూడ్చడానికి దానికి ‘జాడ’ అనే సాధనాన్ని తోడిచ్చారు.

జాడను తయారు చేసింది మంగళగిరిలో ఒక కంపెనీ. ఏజెంటు ఒక చిరునామా ఇచ్చి ఇదెక్కడుందని అడిగితే, ప్రభుత్వం ప్రజలందరి కోసం తెరిచి పెట్టిన పాత పట్టికలూ పటాలూ జాడ వెతికి, రెప్పపాటులో పటం మీద ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్కను ఏజెంటు నమ్ముతుంది, ఏజెంటును ఆఫీసు నమ్ముతుంది. ఇంతమంది ఒకరినొకరు నమ్ముకుంటున్న చోట, ఆ ఇంట్లో నిజంగా కాపురముంటున్న మనిషి మాటకు విలువ ఎక్కడ మిగులుతుంది? ఇక ‘తెరిచి పెట్టిన సమాచారం’ అన్న మాటను నేను శ్రద్ధగా పరిశీలించాను. ఎవరైనా లోపలికి వెళ్లి చూడవచ్చు. తప్పు కనబడితే చెయ్యి పెట్టి దిద్దడానికి మాత్రం వీల్లేదు. అద్దాల పెట్టెలో మిఠాయి మీద ఈగ వాలిన దృశ్యం వంటిది ఇది. చూడవచ్చు, తోలలేం.

అయితే నేరమంతా యంత్రం మీదికి నెట్టి మా ఊరు తప్పుకోవడం న్యాయం కాదు. మా ఘనతా చెప్పాలి.

ఎన్నో ఏళ్ల కిందట పంచాయతీవారు వీధి వెంబడి వరసగా ప్రతి గుమ్మానికీ ఒక రేకు బిళ్ల కొట్టించి నంబర్లు వేయించారు. నంబరు గుమ్మానికి ఇచ్చామని వారి ఉద్దేశం. కుటుంబానికి ఇచ్చారని ఊరి ఉద్దేశం. ఇంటిపేరు ఎలాగో ఇంటి నంబరూ అలాగే అనుకున్నారు. ఇల్లు పడగొట్టి మరో వీధిలో కట్టుకున్నవాడు దూలాలతో పాటు బిళ్లనూ ఊడదీసి పట్టుకుపోయాడు. అన్నదమ్ములు విడిపోతే బిళ్ల పెద్దవాడికి దక్కింది. తలుపు రెక్కలు తమ్ముడికి, నంబరు బిళ్ల అన్నకు అని పంపకాల దస్తావేజులో నేను స్వహస్తంతో రాసిన సందర్భం ఉంది. నకలు భద్రంగానే ఉంది. ఒక మహానుభావుడు పర్చూరులో ఇల్లు కొనుక్కుని మా ఊరి నంబరును అక్కడి గుమ్మానికి కొట్టుకున్నాడు. ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు. పైగా, మన నంబరు పర్చూరు దాకా పోయిందని సంతోషించారు.

తుఫాను ఏడాది వాగు పొంగి పల్లపు వీధి మునిగింది. ఆ వీధివారందరికీ మెరక మీద స్థలాలిచ్చారు. ఆ వీధిలోనే ఉన్న మస్తాన్‌బీ అత్త జహీరున్నీసా వండుకునే గిన్నెలు వదిలేసి, నడుములోతు నీళ్లలో వెనక్కి వెళ్లి, తలుపు మీది 4-17 బిళ్ల ఊడదీసి కొంగున కట్టుకుని వచ్చింది. వీధి యావత్తూ ఆమెను చూసి అదే పని చేసింది. అప్పటి నుంచి 4-17 మెరక మీద ఉంది. దాని ఎడమ పక్క 2-60, కుడి పక్క 5-3. ఊరివారికి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఊళ్లో ఎవరూ ఎవరి ఇంటినీ నంబరుతో వెతకరు. తరవాత ప్రభుత్వం ఆ పల్లపు వీధిలో మట్టి తోలించి, ఎత్తు చేసి, ఊరి సచివాలయం కట్టింది.

ఇప్పుడు అదే సచివాలయంలో మస్తాన్‌బీ దరఖాస్తు పెట్టింది. కంప్యూటరు ముందున్న ఉద్యోగిని శ్రీరమ్య నెమ్మదైన పిల్ల. వారం గడిచాక మస్తాన్‌బీ వెళ్లి అడిగితే తెర వంక చూసి నసిగింది.

“రిజెక్ట్ అయిందండీ.”

“ఎందుకమ్మాయ్?”

“మీ అడ్రసులో ఆల్రెడీ వేరేవాళ్ల పేరు మీద కరెంటు సర్వీసు ఉందంట. అది ప్రభుత్వ భవనమంట. మీరు… ఆక్రమించుకున్నారేమోనని డౌట్ అంట.”

“ఏ భవనాన్నే తల్లీ నేను ఆక్రమించింది?”

శ్రీరమ్య తెర మీది చుక్కను మరోసారి చూసింది. “ఇదేనండీ. ఈ సచివాలయమే. చుక్క సరిగ్గా… నా కుర్చీ దగ్గర పెట్టింది.”

“అయితే నువ్వు నా వంటింట్లో కూర్చున్నావన్నమాట. కూర్చో, కూర్చో. లేవద్దులే,” అంది మస్తాన్‌బీ.

సంగతి నా దాకా వచ్చింది. కాగితాన్ని కాగితంతోనే కొట్టాలన్నది నా జీవితకాల సిద్ధాంతం. బీరువా తెరిచి, జహీరున్నీసా కాలం నుంచి నిన్న మొన్నటి దాకా ఆ ఇంటికి కట్టిన పన్ను రసీదుల నకళ్లు తీసి, వరసగా కుట్టి, శ్రీరమ్య చేత ఎక్కించాను. జవాబు టీ చల్లారేలోగా వచ్చింది. అచ్చువేసి తెచ్చుకున్నాను, ఇప్పుడూ నా ఎదుట ఉంది: “మీరు సమర్పించిన విలువైన పత్రాలకు ధన్యవాదాలు. దరఖాస్తుదారు ఇన్నేళ్లుగా 4-17లోనే నివసిస్తున్నట్టు సందేహాతీతంగా రుజువైంది. కనుక ఆక్రమణ పాతదని నమోదు చేయడమైనది.”

నా రసీదులన్నీ 4-17 అనే చెబుతాయి గదా. ఆ నంబరు ఎక్కడుందో జాడ చెబుతుంది. నేను ఎన్ని సాక్ష్యాలు చూపితే ఆమె అంత గట్టిగా సచివాలయంలో పాతుకుపోయింది.

తరవాత ఏజెంటే ఫోను చేసింది. మస్తాన్‌బీ ఫోనును అరుగు మీద పెట్టి అందరికీ వినబడేలా నొక్కింది. గొంతు మహా మర్యాదైనది, పెళ్లివారిని ఆహ్వానించే ఆడపడుచు గొంతు.

“నమస్కారం మస్తాన్‌బీ గారూ! మీకు సహాయపడటం నాకెంతో సంతోషంగా ఉంది.”

“సంతోషం తరవాత పడుదువుగాని, ముందు కరెంటివ్వు.”

“తప్పకుండా. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న గుర్తు ఏదైనా చెప్పగలరా?”

“కోటేష్ మిరపకల్లం పక్కన. ఎవర్నడిగినా చెబుతారు.”

“నేను ఎవరినీ అడగలేనండీ. ఉపగ్రహ చిత్రంలో ఎర్రని కల్లం కోసం వెతుకుతున్నాను… దొరికింది. ఊరికి పడమర, పొగాకు చేల మధ్య ఉంది.”

అరుగు మీదున్న కోటేష్ ఉలిక్కిపడ్డాడు. “అది నిరుటి కల్లం! నిరుడు అక్కడ ఖాళీగా ఉంటే కాయలు అక్కడ ఎండబోశా. ఈ ఏడు ఇక్కడ పోశా. కాయలు ఎక్కడ పోస్తే అదే కల్లం, ఆ మాత్రం తెలవదా దీనికి?”

“చిత్రం ప్రకారం మీ ఇల్లు పొగాకు చేలో ఉన్నట్టు కనబడుతోంది, మస్తాన్‌బీ గారూ.”

“మొన్న సచివాలయంలో ఉన్నానన్నావు, ఇవాళ పొగాకు చేలో ఉన్నానంటున్నావు. రేపెక్కడుంటానో కాస్త ముందు చెప్పు నాయనా, మా ఆయన అన్నానికి అక్కడికే వస్తాడు.”

“మీ హాస్యం నాకు బాగా నచ్చిందండీ. మీ దరఖాస్తు తిరస్కరించబడింది. మీ రోజు ఆనందంగా గడవాలని కోరుకుంటున్నాను.”

నాకు ఒళ్లు మండింది. జాడ కంపెనీకి ఉత్తరం రాశాను, రిజిస్టరు పోస్టులో, రసీదుతో సహా. ఆశ్చర్యం, కంపెనీ ఒక మనిషిని పంపింది. చైతన్యకృష్ణ అనే ఇంజనీరు, మెత్తని మాట, తెల్లని బూట్లు. మస్తాన్‌బీ ఇంటికని బయలుదేరిన అతని కారు జాడ చెప్పినట్టు నడుచుకుని నేరుగా సచివాలయం ముందు ఆగింది. అక్కణ్ణుంచి అతణ్ణి మెరక మీదికి తీసుకురావడానికి కోటేష్ ఎదురు వెళ్లవలసి వచ్చింది.

“ఇదిగో ఇల్లు, ఇదిగో బిళ్ల. ఇప్పుడు చూశావుగా. మరి మీ జాడ తప్పు చెబుతున్నట్టేగా?” అన్నాడు కోటేష్.

“టూల్ తప్పు చెప్పదండీ. డేటాలో ఉన్నదే చెబుతుంది.”

“డేటా తప్పయితే?”

“అది గవర్నమెంటుదండీ. మేం ముట్టుకోలేం.”

“గవర్నమెంటోళ్లనడిగితే టూలు మీదంటన్నారు!”

“అవునండీ, టూల్ మాదే.”

ఈ సంభాషణ ఒక వృత్తం చుట్టి మొదలైన చోటికే వచ్చింది గనుక చైతన్యకృష్ణకు మజ్జిగ ఇచ్చాం. తాగి, తేరుకుని, అతడు ఒక పరిష్కారం సూచించాడు. ఊళ్లోవారంతా ఒక రోజు అనుకుని, ఎవరి నంబరు బిళ్లను వారు దాని పాత చోటికి తిరిగి మార్చేసుకుంటే డేటా, ఊరు, రెండూ సరిపోతాయట. పటం ఊరిలా లేకపోతే ఊరినే పటంలా సర్దుకోవాలన్నమాట. ఇంత చదువుకున్నవారికి తప్ప ఇటువంటి ఆలోచన రాదు.

ఊరివారి జవాబు కూడా అంత ఘనంగానే ఉంది. కోటేష్ లేచి నిలబడ్డాడు.

“ఏంటేంటీ? మా తాత నంబరు తీసుకెళ్లి వేరేవోడి గోడకి కొట్టాలా? ఒరేయ్ అబ్బాయ్, నీ ఇంటిపేరు పక్కింటోడికిచ్చి నువ్వు ఆడిది పెట్టుకుంటావా?”

“అది వేరండీ, ఇది జస్ట్ నంబరు—”

“జస్టా! దీని కోసం మా నాన్న మా బాబాయితో పదేళ్లు మాట్లాడలేదు!”

మస్తాన్‌బీ మాత్రం గదిలో చీర కప్పుకుని కూర్చున్న మిషన్ వైపు చూస్తూ ఉంది. మాఘం వచ్చేసింది. కోటేష్ భార్య ఆ ఉదయమే స్పాంజి పరుపుల దుకాణానికి ఫోను చేసిందని ఆమెకు తెలుసు. మంచం మీద పడుకుని ఇదంతా వింటున్న హయాత్ అప్పుడు కళ్లు తెరవకుండానే అన్నాడు:

“ఎందుకు మస్తానూ ఈ గొడవ? ఆళ్లంతగా చెబుతుంటే సచివాలయానికే మారిపోదాం. అక్కడ ఫ్యాన్లు బాగా తిరుగుతాయి.”

అందరం నవ్వాం. మస్తాన్‌బీ నవ్వలేదు. భర్త వంక తిరిగి చూసింది. కాపురంలో మొదటిసారి ఆ మనిషి ఒక పనికొచ్చే మాట మాట్లాడాడని ఆమె ముఖం చెప్పింది.

“లెయ్యి. ఆటో పిలుచుకురా,” అంది.

మర్నాడు ఉదయం సచివాలయం తలుపులు తెరిచేసరికి వరండాలో దూది ఏకే మిషన్ ఉంది. దాని పక్కన కోటేష్ పత్తి బస్తాలు, సూదులు, దారం, పరుపు గుడ్డ, మంచినీళ్ల బిందె. ఆఫీసులో పెద్ద యంత్రాల కోసం పెట్టిన లావుపాటి ప్లగ్గులో మస్తాన్‌బీ తీగ దూర్చింది. మోటారు గర్రుమంది. దూది లేచింది. పద్ధతైన ఇంట్లో అయితే గదికి గోనెపట్టాలు కట్టి ఏకుతారు. ఇక్కడ పట్టాలు కట్టాలని ఆమెకు తోచలేదు, లేదా తోచినా అవసరమనిపించలేదు. అరగంటలో ఫైళ్ల మీద, ఫ్యాన్ల మీద, గోడ మీది సేవల పట్టిక మీద తెల్లగా నురుగు పట్టింది. కార్యదర్శి సాంబశివుడు గారు మెట్లెక్కి వచ్చేసరికి ఆయన నల్లమీసం పండి, వయసు ఒక్కసారిగా నా వయసుకు చేరింది.

“ఏంటమ్మా ఇదీ! ఆఫీసనుకున్నావా, ఏమనుకున్నావు?” అని కేకేశాడు.

“ఇల్లనుకున్నానండీ. అనుకోవడమేంటి, మా ఇల్లేగా. రండి, లోపలికొచ్చి కూర్చోండి. కాళ్లు కడుక్కుంటారా?”

“ఆపు ముందు దాన్ని! పోలీసుల్ని పిలుస్తా!”

“పిలవండి. నా ఇంట్లో ఇంతమంది మగాళ్లు అడక్కుండా కుర్చీలేసుకుని కూర్చుంటే, నేనే పిలుద్దామనుకుంటున్నా.”

సాంబశివుడు గారు నిజంగానే ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదులు తీసుకునేదీ ఇప్పుడు ఒక ఏజెంటే. సంఘటన జరుగుతున్న చోటు అడిగింది, ఆయన చెప్పాడు, అది జాడను అడిగింది. ఆ మర్యాదైన గొంతే ఆయన ఫోనులోంచి అందరికీ వినబడింది:

“ఆ స్థలం ఇంటి నంబరు 4-17. చిరకాల నివాసి మస్తాన్‌బీ గారు. తమ ఇంట్లో తాము పని చేసుకుంటున్న మహిళను మీరు ఎందుకు అడ్డుకుంటున్నారో, మీరు ఆమె ఇంట్లో ఏ హోదాలో ఉన్నారో దయచేసి వివరించగలరా?”

వరండాలో నిలబడిన జనం ఈలలు వేశారు. సాంబశివుడు గారు ఫోను కట్టేశాడు. నోట్లో పడ్డ దూది ఊశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. తెర చెప్పినదాన్ని కాదనే ధైర్యం లేని మనిషి, అంతే. ఆ ధైర్యం ఉన్నవారిని ఈ రోజుల్లో ఉద్యోగంలో ఎవరూ ఉండనివ్వరు.

తుమ్మి తుమ్మి కళ్లు ఎర్రబడ్డ శ్రీరమ్య అప్పుడు గొంతు విప్పింది. “సార్, ఒక్కటే దారుంది. ఈ బిల్డింగులో ఉన్న సర్వీసు మనది. ఇదే ఇంట్లో ఇంకో సర్వీసు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదని మీరు సంతకం పెడితే ఏజెంటు ఒప్పుకుంటది. మీటరు వచ్చాక, దాన్ని అనువైన చోట బిగించుకునే హక్కు ఆవిడకి ఉంటది.”

“ఇదే ఇంట్లో అంటే… ఇది ఆవిడిల్లని నేను రాసివ్వాలా? గవర్నమెంటు ఆఫీసుని?”

మస్తాన్‌బీ మోటారు వేగం పెంచింది.

“రాయండి, రాయండి!” అని సాంబశివుడు గారు జనంలో నిలబడ్డ నా వైపు తిరిగి అరిచాడు.

నేను రాశాను. “నల్లరేగళ్లపాలెం గ్రామం, ఇంటి నంబరు 4-17 గల గృహమందు, సదరు గృహవాసి మస్తాన్‌బీ గారి అనుమతితో, మేము సచివాలయం నడుపుకొనుచున్నాము. సదరు మస్తాన్‌బీ గారికి అదే గృహమందు వేరొక విద్యుత్ సర్వీసు ఇచ్చుటకు మాకెట్టి అభ్యంతరమును లేదు.” నా వృత్తి జీవితంలో ఎన్నో దస్తావేజులు రాశాను. ఇంత నిష్కళంకమైన భాషలో ఇంత పచ్చి అబద్ధం ఎన్నడూ రాయలేదు. సాంబశివుడు గారు సంతకం చేసి ముద్ర వేశాడు. శ్రీరమ్య ఎక్కించింది. ముద్ర సిరా ఆరకముందే తెర మీద ఆకుపచ్చ గుర్తు వెలిగింది. ఇన్ని వారాలు నిజం చెబితే కదలని యంత్రం, అబద్ధాన్ని ఒక్క గుక్కలో మింగింది. ఎందుకంటే ఆ అబద్ధం దాని పటంతో చక్కగా సరిపోయింది.

లైన్‌మన్ మీటరు పట్టుకొచ్చాడు. రుజువు కోసం సచివాలయం గోడకు ఆనించి ఫొటో తీశాడు. తరవాత దాన్ని చంకన పెట్టుకుని మెరక మీదికి నడిచి, మస్తాన్‌బీ అరుగు గోడకు బిగించాడు. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ఆమె మోటారు తిరిగింది. గదికి గోనెపట్టాలు కట్టింది. రోలరు మీదికి కోటేష్ చేని పత్తి అందిస్తూ, ఎడమ చేత్తోనే, ఇనుప పళ్ల అవతల నుంచి పొగలా తేలి వస్తున్న దూదిని చూస్తూ కూర్చుంది.

భవ్య పరుపు పెళ్లికి ముందు రోజు సిద్ధమైంది. కోటేష్ పిడికిలితో గుద్ది చూశాడు, వాసన చూశాడు, ఎవరూ అడక్కుండానే హయాత్ దాని మీద పడుకుని చూపించాడు. కోటేష్ భార్య స్పాంజి దుకాణానికి మళ్లీ ఫోను చేసి, అక్కర్లేదని చెప్పింది. ఆ వెనక మరో రెండు ఇళ్ల పత్తి బస్తాలు మస్తాన్‌బీ గుమ్మంలో దిగాయి.

ఆ పని మధ్యలో ఉండగా ఒక ఉదయం సాంబశివుడు గారు వచ్చాడు. ఈసారి చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మస్తాన్‌బీ గారూ, చిన్న పనిమీద వచ్చానండీ. సచివాలయానికి రంగులు వేయించమని పైనుంచి ఆర్డరొచ్చింది. పనులు మంజూరు చేసే ఏజెంటు, ఇంటి యజమాని అనుమతి లేనిదే కుదరదంటోంది. మీరొక్క సంతకం పెడితే…”

మస్తాన్‌బీ మోటారు ఆపింది.

“ఏం రంగు వేస్తారు?”

“అది పైవాళ్లు చెబుతారండీ.”

“నా ఇంటికి రంగు పైవాళ్లు చెప్పేదేంటి? ముందు రంగు ముక్కలు తెచ్చి చూపించండి, మా ఆయన నచ్చిందంటే అప్పుడు చూద్దాం. అదీ మాఘం వెళ్లాక. ఇప్పుడు నాకు ఊపిరాడనంత పనుంది.” మళ్లీ స్విచ్చి నొక్కి, మోటారు మోతలోంచి కేకేసింది. “వెళ్తా వెళ్తా ఆ తలుపు దగ్గరకేసి పొండి, దూది ఎగురుద్ది!”